ఊరికే ఎక్కిన బస్సు

ఆదివారం పొద్దున పులివెందుల బస్టాండులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, ముందు సీటులో ఎవరో చీనీకాయ ఒలవడం మొదలుపెట్టారు. తొక్క చిట్లినప్పుడు లేచే ఆ పుల్లటి ఘాటు, ఎండకు కాగిన రెక్సిను సీటు వాసన, కిందనుంచి తన్నుకొచ్చే డీజిలు పొగ, చేతికి అంటుకునే కిటికీ కడ్డీల తుప్పు వాసన, అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి పోయేసరికి నా కాళ్లు నిలవడం మానేశాయి. బస్సింకా కదల్లేదు. డ్రైవరు కిందనే నిలబడి తీరిగ్గా టీ ఊదుకుంటున్నాడు, కండక్టరు జాడే లేదు. నేను మాత్రం ఎన్నో ఏళ్ల వెనక, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే ఎర్రబస్సులో, మా అమ్మ పక్కన కూర్చుని, ఇంకా ఎందుకు కదలదీ బస్సు అని కాళ్లు ఆడిస్తున్నాను.

కాలు నిలవకపోవడం నాకు అమ్మ నుంచే వచ్చింది. మా అమ్మ రవణమ్మ అన్నం కూడా నిలబడి తినేది. గోడవారన ఉన్న బియ్యం డబ్బాను ఈ వారం తలుపు పక్కకు, వచ్చే వారం కిటికీ కిందికి జరిపేది. మంచం ఏ దిక్కున ఉందో మోకాలికి తగిలితే గానీ మాకు తెలిసేది కాదు. నిజానికి జరపడానికి చోటున్న ఇల్లు కాదది. ప్రొద్దుటూరులో మగ్గాల వీధిలో ఒక గది, ఒక వంటిల్లు, నలుగురితో పంచుకునే దొడ్డి. పొద్దున మొదలైన మగ్గాల చప్పుడు పొద్దు గూకేదాకా గోడల్లోంచి వస్తూనే ఉండేది. ఎండేసిన రంగు నూలు వాసన, గంజి వాసన, పత్తి కాలంలో మిల్లులకు పోయే బండ్ల మీదినుంచి ఎగిరొచ్చి పప్పుగిన్నెలో వాలే దూది, ఎండాకాలంలో కప్పుకు పరిచిన నాపబండల నుంచి దిగే సెగ, దసరా వస్తే వీధి వీధికీ వేలాడే రంగు దీపాలు, ఆ దీపాల కింద నడిచి నడిచి వాచిన మా పాదాలు, ఇవీ నా చిన్ననాటి కాలాలు. నాయన ఓ చిన్న ప్రైవేటు బడిలో లెక్కల సారు. జీతం తక్కువ, అది కూడా ఆ బడి పెట్టినాయనకు గుర్తొచ్చినప్పుడే వచ్చేది. నాయనను కన్నతల్లిని, మా జేజిని కలుపుకుంటే ఇంట్లో మేం నలుగురం.

ఏమీ లేని సంసారంలోనూ మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అది మా జేజినాయన బతికున్నప్పుడు పెట్టిపోయాడట. జీతం వచ్చిన రోజు బియ్యానికీ బాడుగకూ పాలకూ తీసి పక్కన పెట్టాక, మిగిలినా మిగలకపోయినా ఇంట్లో ప్రతి మనిషి చేతిలో కాస్త చిల్లర పెట్టాలి. వాటిని ముచ్చట దుడ్లు అనేవాళ్లం. వాటితో ఇంటికి పనికొచ్చే వస్తువు కొనకూడదు, దాచిపెట్టకూడదు, ఏం చేశావని ఎవరూ ఎవరినీ అడగకూడదు. "అంతా పొయ్యిలోకే పోతే మనిషికేంది మల్లా?" అనేవాడట ఆయన. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతుకంతా కూర్చున్న మనిషికి ఆ మాట ఎక్కడ దొరికిందో గానీ, పండగలు చిన్నబోయినా ఆ పద్ధతి మాత్రం మా ఇంట్లో తప్పలేదు.

జేజి దుడ్లు నస్యానికి. మామూలు పొడి కాదు, అంగడాయన వెనక అర నుంచి తీసిచ్చే వాసన నస్యం. మధ్యాహ్నం సంగటి, శనక్కాయల ఊరిమిండి పచ్చడి తిన్నాక గోడకు ఆనుకుని, కాళ్లు బారజాపి, మెరుపు పోయిన ఆ బుడ్డ డబ్బీ మూత తీసేది. చిటికెడు పట్టి, ఒక కన్ను మూసి, తల కొంచెం వెనక్కి వాల్చి పీల్చేది. తుమ్ము వచ్చేలోపల ఆమె మొహంలో కనిపించే దర్జా మా వీధిలో ఏ ఆసామికీ ఉండేది కాదు. నాయన దుడ్లు మంగలి అంగడికి. రోజూ పగిలిన అద్దం ముందు అరిగిన బ్లేడుతో గీక్కునే మనిషి, ఆ ఒక్క రోజు తిరిగే కుర్చీలో వెనక్కి వాలి, వేడినీళ్లు, నురగ, పటిక రాయి, చివర చల్లగా స్నో, ఒళ్లో పేపరు, అన్నీ చేయించుకుని వచ్చేవాడు. ఆ సాయంత్రం ఆయన గొంతు కూడా మారిపోయేది. మాతో మాట్లాడుతూ మధ్య మధ్య బుగ్గ తడుముకునేవాడు.

నా దుడ్లు నా చేతిలో మండిపోయేవి. పుల్లఐసు తినాలా, బొరుగు ఉండ కొనాలా, కాగితం కళ్లజోడా, జీడిపాకమా అని శివాలయం వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేదాన్ని. ఒకటి కొంటే మిగతావన్నీ పోతాయి కదా అని ఏదీ కొనకుండా ఇంటికొచ్చి, రాత్రంతా పొర్లి, తెల్లారగానే బడి ముందర అన్నిటికంటే పనికిరాని వస్తువు కొనేసి ఏడ్చేదాన్ని. ఇప్పటికీ అంతే, పెద్ద అంగట్లోకి పోతే నాకు తల తిరుగుతుంది.

అమ్మ ముచ్చట ఏమిటో మాత్రం ఎవరికీ కనిపించేది కాదు. పూలు తెచ్చుకోదు, గాజులు మార్చదు, నోట్లో ఏదీ వేసుకోదు. అడగకూడదన్న కట్టుబాటు ఉంది కాబట్టి జేజి నోటితో అడిగేది కాదు గానీ, అమ్మ కొంగుముడి వైపు, ట్రంకుపెట్టె వైపు, పొయ్యి మీది అటక వైపు చూపులతోనే వెతికేది. అమ్మ ముచ్చట ఏమిటో నాకొక్కదానికే తెలుసు. అమ్మ ఆ దుడ్లతో బస్సెక్కేది.

శనివారం నాకు ఒంటిపూట బడి. నస్యం తర్వాత జేజికి మంచి కునుకు పట్టేది. "బజారుకు పోయొస్తా అత్తా" అని నిద్రపోయే మనిషికి చెప్పి, అమ్మ నా రెక్క పట్టుకుని బయటపడేది. మగ్గాల వీధి దాటేదాకా మామూలుగా నడిచి, మలుపు తిరిగాక పరుగే. బస్టాండులో జమ్మలమడుగు బోర్డు కనిపిస్తే చాలు, ఎక్కేది. టికెట్టు తీసుకుని దాన్ని సన్నగా చుట్టి గాజుల కింద దోపుకునేది. కిటికీ పక్క సీటు దొరికిన రోజు అమ్మ మొహం చూడాలి. ఊరి చివర నూనె మిల్లు దాటి, శనక్కాయ చెక్క వాసన వెనకబడి, నల్లరేగడి చేలు మొదలవగానే పెద్దగా ఊపిరి వదిలి, కొంగు చెవుల వెనక్కి దోపి, ఇంక కదిలేది కాదు. ఇంట్లో పూట పూటకూ బియ్యం డబ్బా జరిపే మనిషి బస్సులో అట్లాగే కూర్చుండిపోయేది. నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను.

"బస్సు తిరుగుతాండాది గదా మే, ఇంక నేను గమ్మునుండొచ్చు" అంది.

ఆ దారిలో చెప్పుకోదగ్గ వింతలేమీ లేవు. వానలకు బురద ముద్దయిన చేలు, చలికాలంలో శనగ చెట్ల మీద పులుపు పట్టిన మంచు, పొద్దుతిరుగుడు పూల బారులు, ఎండాకాలం వస్తే పగుళ్లిచ్చిన నేల మీద సుడి తిరిగే దుమ్ము, రోడ్డు మీదే నూర్చడానికి పరిచిన కంకులు, వాటి మీదుగా బస్సు పోతే చక్రాల కింద వచ్చే చప్పుడు. అమ్మ అవన్నీ అప్పుడే పుట్టినట్టు చూసేది. జమ్మలమడుగులో దిగి, బస్టాండు సిమెంటు బల్ల మీద కూర్చుని, ఇద్దరం ఒక గోలీసోడా తాగి, అదే బస్సు వెనక్కి తిరిగితే అదే బస్సెక్కి, జేజి లేచి టీ అడిగే వేళకు ఇంట్లో ఉండేవాళ్లం. అంతే. ఊళ్లోకి ఒక్క అడుగు వేసేవాళ్లం కాదు.

పుట్టింటికే పోవచ్చు కదా అని మీరనవచ్చు. అమ్మ పుట్టిల్లు కొండాపురం దగ్గర పల్లె. అక్కడికి పోతే ఎవరూ మాట అనరు, నిజమే. కానీ బస్సు దిగగానే మా అవ్వ ఆమె చేతిలో చేట పెట్టేది. "ఈడ పొయ్యి ఇడిసి ఆడ పొయ్యి కాడికి పోయేదేందే" అని అమ్మ నవ్వేది. ఆమెకు చేరడం అక్కర్లేదు, పోతూ ఉండడం కావాలి.

అయితే మా సీమలో మనిషి ఊరికే బస్సెక్కడం కుదిరే పని కాదు. పక్కన కూర్చున్న మనిషి యాడికి అని అడగాల్సిందే, మనం చెప్పాల్సిందే. అది ఆరా కాదు, మర్యాద. అడక్కపోతేనే తప్పు. మొదటిసారి ఓ పెద్దామె "యాడికి పోతాండావు మే?" అంది. అమ్మ జమ్మలమడుగు అంది. "ఎవురింటికి?" ఎవరింటికీ కాదంది. "మల్లా?" "ఊరికే అక్కా" అంది అమ్మ నవ్వుతూ. ఆ పెద్దామె అమ్మను కిందినుంచి పైకి చూసి, తన చేతిసంచిని అవతలి పక్కకు మార్చుకుని, దారంతా మళ్లీ మాట్లాడలేదు. ఇంటికొచ్చిన తర్వాత కూడా అమ్మ మొహం కందగడ్డలాగే ఉంది.

ఆ తర్వాతి నెల మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. అమ్మ తడబడి "ఆస్పత్రికి" అనేసింది. చుట్టుపక్కల మండలాల్లో ఎవరికి ఏ రోగమొచ్చినా అప్పట్లో జమ్మలమడుగు పెద్దాస్పత్రికే పోయేవాళ్లు కాబట్టి అది నోటికి దొరికిన మాట. అడిగినామె మొహం వెంటనే మెత్తబడింది. "అయ్యో, వయసు పిల్లవి. లే, లేచి ఇట్ల రా, కిటికీ కాడ కూచో, గాలి తగిలితాది" అని తన సీటు ఇచ్చింది. ఊరికే అంటే సంచి దాచుకునే లోకం, ఆస్పత్రి అంటే కిటికీ పక్క సీటిచ్చింది. ఇంక అమ్మ వేరే మాట చెప్పలేదు. ఏం రోగమని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకునేది. నవ్వు ఆపుకోవడానికి ఆమె పడే తిప్పలు చూసి జనం ఏడుపనుకునేవాళ్లు. చీనీకాయ తొనలు, బొరుగులు మా చేతుల్లో పెట్టేవాళ్లు.

ఎన్ని నెలలు అట్లా నడిచిందో. ఒక శనివారం జమ్మలమడుగు బస్టాండులో సోడా తాగుతుంటే దువ్వూరు అత్త ఎదురైంది. ఆమె మా నాయనకు పెదనాన్న కూతురు, మంచి మనసు, పెద్ద గొంతు. "ఏం రవణా, ఈడుండావు?" అంది. అమ్మ నోరు అలవాటు కొద్దీ "ఆస్పత్రికి వదినా" అనేసింది. అనేశాక నాలుక కరుచుకుంది గానీ, ఏం లాభం. దువ్వూరు అత్త కంగారుగా "ఏమైందే, ఎప్పటినుంచి?" అని అడుగుతుండగానే, బస్సు మెట్టు మీద నిలబడిన కండక్టరు జాలిగా కల్పించుకున్నాడు.

"ఈయమ్మ శానా దినాల నుంచి వస్తాండాది లేమ్మా. నెల తప్పదు. పాపం, పాపను కూడా ఎంటబెట్టుకొని" అన్నాడు.

మర్నాడు పొద్దున దువ్వూరు అత్త మా గడపలో కూర్చుని, వీధి వీధికంతా వినపడేట్టు ఏడ్చింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జేజి పొయ్యి దగ్గరున్న అమ్మ వైపు చూసింది, నాయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. "ఏం ల్యాదత్తా, నాకేం జబ్బు ల్యాదు" అని అమ్మ అప్పుడే అంది, అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాటను ఎవరూ నమ్మే స్థితిలో లేరు. "ఏం ల్యాకనే నెలనెలా ఆస్పత్రికి పోతారా? దాచుకోని దాచుకోని లోపలే కుళ్లిపోతాండాది నా బిడ్డ" అని జేజి అమ్మ చేతిలోని గరిటె లాక్కుంది. ఎంత కాదంటే అంతగా తమకు ధైర్యం చెబుతోందనుకున్నారు.

ఆ తర్వాత మా ఇల్లు మారిపోయిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు కుదురుగా ఉండదు. అమ్మకు చీపురు ముట్టే హక్కు పోయింది. ఆమెను మంచం మీద కూర్చోబెట్టారు. కాలు నిలవని మనిషి మంచం మీద కూర్చుని చేతి వేళ్లు విరుచుకుంటూ, కప్పు బండలు చూస్తూ, లేవబోతే "పడుకో మే" అని నలుగురూ అరుస్తుంటే మళ్లీ వాలేది. వీధి ఆడవాళ్లు వచ్చి నుదురు తాకి పోయేవాళ్లు. ఎవరో ఓళిగలు చేసి తెచ్చారు, ఎవరో తాయెత్తు తెచ్చారు, వెనకింటి సాయిబుల అమ్మ దర్గాలో ఊదించిన నీళ్లు సీసాలో పట్టుకొచ్చింది. అమ్మ అన్నీ తీసుకుంది. ఆ నీళ్లు తాగుతూ అమ్మ నా కళ్లలోకి చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఇప్పుడెట్ల చెప్పేది అని అడుగుతున్నట్టుండేది. జబ్బయితే చెప్పుకోవచ్చు, దానికి పరువు ఉంది. ఊరికే బస్సెక్కానని ఎట్లా చెప్పుకోవడం?

జేజి డబ్బీ మూతపడింది. ఎవరూ చెప్పలేదు, ఆమే మానేసింది. నస్యం లేక తలపోటుతో నొసటికి గుడ్డ బిగించి కట్టుకుని, కళ్లెర్రగా, అందరి మీదా విసుక్కుంటూ తిరిగేది. ఆ నెల జీతం వచ్చిన రోజు నాయన మంగలి అంగడికి పోలేదు. పగిలిన అద్దం ముందు కూర్చుని గడ్డం కింద కోసుకున్నాడు. దూది అంటించుకుని బడికి పోయాడు. నా చేతిలో పెట్టాల్సిన చిల్లర చేతిలోనే పట్టుకుని "అమ్మ మందులకు ఇస్తావా పాపా?" అని అడిగాడు. నేను తల ఊపాను. నాకు ఏడుపొచ్చింది, అది పుల్లఐసు పోయినందుకా, నాయన గడ్డం మీది దూదిని చూసినందుకా, చెప్పలేను. అమ్మ మంచం మీదినుంచి అంతా చూస్తూనే ఉంది. ఆ రోజంతా దుప్పటి అంచు మెలిపెడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఇంకా పాలు కాగకముందే జేజి అద్దం లేకుండానే చెవులు తడుముకుని, కమ్మలు రెండూ తీసి, నాయన అరచేతిలో పెట్టింది. నేను పుట్టినప్పటినుంచీ ఆ చెవులు ఖాళీగా ఉండగా చూడలేదు. సాగిపోయిన తమ్మెలు రెండు దారాల్లా వేలాడుతున్నాయి.

"అంగళ్లు తెరిసినంక పోయి అమ్ముకోని రా. రేపు దాన్ని నువ్వే ఎంటబెట్టుకోని పెద్దాస్పత్రికి పో. మంచి డాక్టరుకు చూపీ" అంది.

అమ్మ మంచం దిగింది. నేరుగా వచ్చి నాయన చేతిలోంచి కమ్మలు తీసుకుని జేజి ముందు కూర్చుంది.

"పెట్టుకో అత్తా. నాకు జబ్బు ల్యా. నేను ఆస్పత్రి గడప కూడా తొక్కల్యా. నా ముచ్చట దుడ్లతో బస్సెక్కేదానికి పోతాంటి."

"బస్సెక్కి?" అన్నాడు నాయన.

"బస్సెక్కి పోయేది. మల్లా బస్సెక్కి వచ్చేది."

"ఆడ?"

"ఆడేం ల్యా."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఎవరూ లేవలేదు. నాయన గడ్డం మీది గాయం గోక్కున్నాడు. ఆయనకు కోపం వచ్చిందని నేననుకున్నాను, కోపం కాదు. తను ఉండగా తన పెండ్లాం ఎటో పోవాలనుకుందే అన్న దిగులు ఆ మొహంలో కనబడింది. అది చాలాకాలం పోలేదు కూడా. అందరికంటే ముందు మాట్లాడింది జేజి.

"ముందు నా డబ్బీ యాడ పెట్టినారో చెప్పండి" అంది.

నేను పరుగెత్తి తెచ్చాను. పట్టెడు పట్టి, రెండు ముక్కులకూ పీల్చి, ఇల్లదిరేట్టు తుమ్మి, కళ్లు తుడుచుకుని, కమ్మలు పెట్టమని చెవి అమ్మ వైపు తిప్పింది. అమ్మ దగ్గరికి జరిగి పెట్టబోయింది. చాలాసేపటికి గానీ కమ్మలు ఎక్కలేదు. అప్పుడు జేజి తీర్పు చెప్పింది.

"ముచ్చట ముచ్చటే. అడగరాదని మీ మామ పెట్టినాడు. నీ ముచ్చట బస్సయితే బస్సెక్కు, ఎవరేమంటారో నేను చూస్తా." మళ్లీ ప్రేమగానే అంది. "పోతే పోతివి గానీ, ఉత్త చేతులతో ఎందుకు రావడం? ఆడ శనగలు అగ్గువంట. ఒక సంచి పట్టుకోని పో."

ఆ పూట మా ఇంట్లో అందరం నవ్వాం. వీధిలో కూడా నవ్వుకున్నారు, కానీ జేజి నోటికి భయపడి ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ గెలిచిందని నేను సంబరపడ్డాను. చాలా ఏళ్లకు గానీ ఆ రోజు జరిగిందేమిటో నాకు అర్థం కాలేదు.

తర్వాతి శనివారం అమ్మ జేజి లేచి ఉండగానే, సంచి పట్టుకుని బయల్దేరింది. జమ్మలమడుగులో మొదటిసారి ఊళ్లోకి నడిచాం. శనగల అంగడి వెతికి, బేరమాడి, కొలిపించి, ఎండలో మోసుకుంటూ బస్టాండుకు వచ్చేసరికి మా బస్సు పోయింది. సోడా తాగే తీరిక లేదు. ఆ తర్వాతి నెల నాయన "ఎట్లా పోతాండావు గదా" అని, అక్కడున్న తన స్నేహితుడికి ఇమ్మని ఏవో పుస్తకాలు కట్టిచ్చాడు. భార్యను బతిమాలుకోవడం చేతగాని మనిషికి ఆమె ప్రయాణంలో పాలుపంచుకునే దారి అదొక్కటే కనిపించి ఉంటుంది. వెనకింటామె రవిక కుట్టడానికిచ్చిన గుడ్డ తెమ్మంది. ఇంకొకరు పసరు మందు తెమ్మన్నారు. "పాపం, ఊరికే పోతాండాది, ఒక పనుంటే దానికి బాగుంటాది" అని అందరూ మనస్ఫూర్తిగా అమ్మకు తోడ్పడ్డారు. బస్సులో యాడికి అని అడిగితే ఇప్పుడు అమ్మ తడుముకోవాల్సిన పనిలేదు, చెప్పడానికి బోలెడు పనులున్నాయి. కానీ సంచులు పెట్టుకోవడానికి చోటు కావాలి కాబట్టి కిటికీ దగ్గర కాదు, ఇవతల కొసన కూర్చునేది. పసరు మందు ఒలుకుతుందేమో అని సీసా మీదే కన్నుంచేది. చేలు వెనక్కి పోతూనే ఉన్నాయి, ఆమె చూసేది కాదు.

ఒక శనివారం "ఈ పొద్దు పోబుద్ది కాల్యా" అంది. ఆ తర్వాతి నెలా పోలేదు. ఆ మరుసటి నెల తన ముచ్చట దుడ్లతో బజారు నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి జేజి ముందు పెట్టింది. జేజి దాన్ని వెలుతురులోకి ఎత్తి తిప్పి తిప్పి చూసి, "ఇదీ బుద్ధంటే. కంటికి కనపడే వస్తువు" అని మురిసిపోయింది. ఇంటికి పనికొచ్చే వస్తువు కొనకూడదన్న జేజినాయన మాట ఆ రోజు ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. గ్లాసు తర్వాత గిన్నె, గిన్నె తర్వాత గరిటెలు. మా అటక తళతళలాడింది. అమ్మ బియ్యం డబ్బా జరపడం కూడా మెల్లగా మానేసింది. ఇంట్లో చీకట్లో నడిచినా మోకాలికి ఏదీ తగిలేది కాదు.

నస్యం డబ్బీతో పాటు జేజి పోయింది, నాయన పోయాడు. ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఎప్పుడాగిందో నేను గమనించలేదు. అమ్మ పుట్టిన పల్లె గండికోట ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది, ఊరి జనం పునరావాస కాలనీల్లో ఉన్నారు. మగ్గం గుంట నుంచి బయటికి రాని ఆ ముసలాయన పెట్టిన ముచ్చట దుడ్ల పద్ధతి కూడా, అందరి చేతుల్లోకీ జీతాలు వచ్చాక, ఎవరూ రద్దు చేయకుండానే పోయింది. ఇప్పుడు పులివెందులలో ఓ కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం, పైఅంతస్తులో అద్దె ఇల్లు, అమ్మ నాతోనే ఉంటుంది. బస్సులో పక్క సీటు మనిషిని యాడికి అని అడిగేవాళ్లు లేరు, అందరూ ఫోన్లలో తలలు పెట్టి ఉంటారు. పైగా ఆడవాళ్లకు ఛార్జీయే లేకుండా చేశారు. ఆ కబురు విన్నప్పుడు ఆఫీసులో ఆడవాళ్లంతా తమ తమ పుట్టిళ్ల గురించి మాట్లాడుకుంటుంటే, నాకు మాత్రం గాజుల కింద టికెట్టు దోపుకున్న చెయ్యి గుర్తొచ్చి, ఆ రోజంతా కుర్చీలో కూర్చోలేకపోయాను.

అందుకే ఈ పొద్దున అమ్మకు తలకు పోసి, జడ వేసి, "రామ్మా, పోదాం" అన్నాను.

"యాడికి?" అంది.

"జమ్మలమడుగుకు."

"ఆడేం పనుండాది?"

"ఏం ల్యామ్మా. ఊరికే. కిటికీ కాడ నువ్వు కూచో, మల్లా అదే బస్సెక్కి వచ్చేద్దాం."

అమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. ఆ చూపు ఎక్కడో చూశాను. "ఊరికే ఎందుకు పోతారు మే, పనీ పాటా ల్యాకండా? నువ్వే పో. నాకు ఈడ పనుండాది" అని టీ గ్లాసు పట్టుకుని లోపలికి పోయింది. ఆమె మర్చిపోయిందా అనుకున్నాను. మర్చిపోలేదు, మొన్ననే దువ్వూరు అత్త ఏడుపును అనుకరించి నన్ను నవ్వించింది. గుర్తుంది, కానీ ఆ కోరిక మాత్రం ఆమెలో లేదు. మేమంతా కలిసి, ప్రేమగా, దాన్ని తీసేశాం.

చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి నా చేతిలో గుడ్డ సంచి పెట్టింది. "పోతే పోతివి గానీ, ఉత్త చేతులతో ఎందుకు రావడం? ఆడ చింతపండు బాగుంటాదంట, మంచిది చూసి తే" అంది. వద్దంటే ఆమె మొహం చిన్నబోతుంది. తీసుకున్నాను.

డ్రైవరు టీ తాగడం అయింది. బస్సు కదిలింది, చీనీకాయ ఒలిచినామె తొక్కలు బయటికి విసిరింది, గాలి మొహానికి కొట్టింది. నాకు కిటికీ పక్క సీటే దొరికింది. ఒళ్లో ఆ ఖాళీ సంచి పెట్టుకుని, ఏ అంగట్లో అడగాలి, కొత్త పండు ఇస్తాడో పాతది అంటగడతాడో, గింజ తీసినదైతే ఎంత చెబుతాడో అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. కొండ దారి ఎప్పుడు దిగామో, ముద్దనూరు ఎప్పుడు దాటామో, ఏమీ చూడలేదు.